నాలుగో గొయ్యి

జూన్ 3

తెలిసీ నోరు మూసుకున్నావు నువ్వు. అవును, నిన్నే అంటున్నాను. పొడి నేల మీద కుర్చీ వేసుకుని, చెరువు నీటిమట్టం గేజీ ఒకటీ నలభై మీటర్లని పేపర్లో చదివి, హమ్మయ్య అనుకుని పేజీ తిప్పేశావు. నిరుడూ ఒకటీ నలభయ్యే. ముందటేడూ ఒకటీ నలభయ్యే. చెరువు కదా, రాయి కాదు కదా, ఎలా కదలకుండా ఉంటుందని ఒక్కసారైనా అడిగావా?

ఈ నోటుపుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు. అయినా ఎవర్నో ఒకర్ని ఎదురుగా నిలబెట్టి కడిగెయ్యకపోతే నా కలం కదలదు. పగలు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి, సాయంత్రాలు పత్రికకు వ్యాసాలు రాసీ రాసీ పట్టిన జబ్బు ఇది.

ఇవాళ చూసింది రాస్తాను. చెల్లి పెరట్లో ఆరు టమాటా మొక్కలు. ఆకులన్నీ దాహంతో ఉన్నట్టు కిందికి వాలిపోయాయి. పిచ్చిది, రోజూ చెంబెడు నీళ్ళు పోస్తోంది. వంగి చూశాను. మట్టికి బెత్తెడు పైన, కాండం మీద తెల్లటి మొటిమలు. మొటిమలు కావు, వేళ్ళు. అడుగున ఉన్న వేళ్ళకు ఊపిరాడక పైన కొత్తవి వేసుకుంటోంది మొక్క.

"ఇంకా నీళ్ళెందుకే పోస్తావు? అది మునిగి చస్తోంది."

"మునగడమేంటక్కా, మట్టి పొడిగానే ఉందిగా. నీకన్నిట్లోనూ ప్రళయమే కనిపిస్తుంది. మొన్న మా వాషింగ్ మెషీన్ కారితే పెట్టుబడిదారుల కుట్ర అన్నావు."

"కుట్రే. రెండేళ్ళకు పాడయ్యేట్టే చేస్తారు."

"అయితే ఈ టమాటా ఎవరి కుట్రో కూడా నువ్వే తేల్చు. నేను నాలుగు జాకెట్లు కుట్టాలి."

మొక్క మొదట్లో వేలు గుచ్చాను. రెండో కణుపు దిగేసరికి చల్లగా తగిలింది.

జూన్ 5

చెల్లి వాళ్ళుండే చివరి వరస ఇళ్ళ వెనక గరిక పసుపు తిరిగింది. ఎండకు అయ్యుంటుంది.

జూన్ 6

ఎండకు కాదు. గరిక ఎండకు చావదు, ఆ సంగతి మొదటి ఏడాది పిల్లలకు నేనే చెబుతాను. పసుపుపడ్డ చోట మధ్యలో తుంగ పిలకలు లేచాయి. గరిక పొడి నేల మొక్క. తుంగ తడి నేలది. వాటి మధ్య హద్దు ఎవరూ గీసింది కాదు, నీరు గీసింది. నీరు జరిగితే హద్దూ జరుగుతుంది. మనుషులు హద్దురాళ్ళు పీకి పాతినట్టు రాత్రికి రాత్రి కాదు, నెలలు పడుతుంది. కాబట్టి తుంగ ఇక్కడ లేచిందంటే నీరు ఇవాళ వచ్చింది కాదు. చాలా రోజుల నుంచి ఉంది.

చెల్లి వంటింటి గుమ్మానికి పద్దెనిమిది అడుగుల దూరం. అడుగులు వేసి కొలిచాను. చెల్లి కిటికీలోంచి చూసి, "ఏంటక్కా, స్థలం కొంటావా?" అంది.

జూన్ 8

కాలేజీ పడవ మీద కలువల దగ్గరికి వెళ్ళాను. నీరు పెరిగితే కలువ ఆకు కాడ సాగుతుంది. మునిగిన కాడలో ఒక వాయువు పోగవుతుంది, అదే దానికి కబురు. లే, సాగు, పైకి రా అని. ఆకు మళ్ళీ నీటి మీద పరుచుకునేదాకా ఆగదు. పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు. నిరుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే, పచ్చగా, చల్లగా, పటంలో బొమ్మలా ఉంటుంది. కింద కాడ ఎంత లాగబడిందో చెయ్యి పెట్టి చూసినవాడికే తెలుస్తుంది.

ఇరవై కాడలు కోసి కొలిచాను. మూడేళ్ళ కిందటి కొలతల కన్నా సగటున జానెడు ఎక్కువ.

అక్కణ్ణుంచి తిన్నగా నీటి ఆఫీసుకు వెళ్ళాను. తడి చెప్పులతోనే. ఇంజనీరు మర్యాదస్థుడు, కుర్చీ చూపించాడు. కలువ కాడలు అతని బల్ల మీద పెట్టాను.

"మేడమ్, ఇవేంటి? పూజకా?"

"సాక్ష్యం. చెరువు జానెడు పెరిగింది."

"గేజీ ఒకటీ నలభై మేడమ్. ఒకటిన్నర దాటితే నేనే దగ్గరుండి తూము తలుపులు ఎత్తిస్తాను. దాటకుండా ఎత్తితే కింద పొలాల వాళ్ళు నా పీక పట్టుకుంటారు. మొక్కలు సంతకం పెట్టవు. రిజిస్టరు పెడుతుంది."

"మొక్కలు అబద్ధం ఆడవు."

"ఆడవనుకోండి. అయినా అవి సర్దుకుంటున్నాయి కదా? మనుషులూ సర్దుకుంటారు."

సర్దుకుంటారట. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ వాడి నోట్లో జమ్ము మొలవ! ఒక కలువ సర్దుకుందని చూపించే ముందు, సర్దుకోలేక కుళ్ళిన గరిక ఎంతో లెక్క చెప్పాలి. లక్షల పోచలు చస్తే ఒకటి సాగింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని చూశారా ప్రకృతి గొప్పదనం అంటారు. సర్దుకుపోవడం అనే నీతిని ఎప్పుడూ పల్లంలో ఉన్నవాడికే చెబుతారు. గట్టు మీది బంగళాలకు ఎవడూ చెప్పడు.

అతను ఇంకో మాట కూడా అన్నాడు. రాయదగ్గది కాదు.

జూన్ 10

నిన్నా ఇవాళా వాన.

ఇంజనీరు అన్న ఆ రెండో మాట అసలు విషయానికి సంబంధం లేనిది. అందుకే రాయలేదు.

జూన్ 12

చెల్లి ఇంటికి వెళ్ళాను. వంటింటి గచ్చు తుడిచినా తుడిచినా చెమ్మ ఊరుతోంది. గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లటి పొక్కులు. స్నానాల గది మూల సిమెంటు బీట వేసి, బీటలోంచి ఒక మొలక. ఆకుపచ్చ బల్లెంలా, వేలెడంత. మరిది దాన్ని చూపించి నవ్వాడు. మోటారు మెకానిక్కు, ఏం చెడిపోయినా ముందు నవ్వుతాడు, తరవాత పానా తీస్తాడు.

"వదినా, అద్దె కట్టకుండా దిగాడు వీడు. పేరేంటి?"

"జమ్ము."

"పీకెయ్యనా?"

"పీకితే మళ్ళీ వస్తుంది. దాని దుంప చెరువులో ఎక్కడో ఉంది. అక్కణ్ణుంచి గొట్టంలా గాలి లాక్కుంటూ మట్టి కింద నడిచి వచ్చింది. దాన్ని చంపాలంటే ఒకటే దారి. నీటి మట్టం కన్నా కిందికి కొయ్యాలి. గాలిగొట్టంలో నీళ్ళు నిండి ఊపిరాడక చస్తుంది."

మరిది నవ్వు ఆగింది. "నువ్వు మొక్క సంగతే చెబుతున్నావు కదా వదినా?"

చెల్లి మిషను ఆపి వచ్చింది. చేతిలో కత్తెర అలాగే ఉంది. "అక్కా, సూటిగా చెప్పు. పిల్లల్ని తీసుకుని మా ఆయన వాళ్ళ పెద్దమ్మ ఇంటికి పోనా? పక్కింటామె కూడా అడుగుతోంది, మీ అక్క ఏమంటుందీ అని. ఈ వరస మొత్తం నీ మాట కోసమే చూస్తోంది."

ముప్పై రెండు ఇళ్ళు. పదకొండేళ్ళ క్రితం బిల్డరు నోట్లోంచి మేం పోరాడి లాగి ఇప్పించిన స్థలాలు. పట్టాలో షరతు ఉంది, ఇల్లు వదిలి మూడు నెలలు ఖాళీగా ఉంచితే హక్కు పోతుందని. బిల్డరు ఆ మూడు నెలల కోసమే పదకొండేళ్ళుగా కాచుక్కూచున్నాడు.

"పోవద్దు," అన్నాను. "ఒక్కరు కదిలినా వరసంతా కదులుతుంది. నేను తేలుస్తాను."

"నువ్వు పోవద్దంటే పోను," అని చెల్లి మళ్ళీ మిషను దగ్గర కూచుంది. అంత తేలిగ్గా.

జూన్ 14

దొరికింది!

తూము దగ్గరికి వెళ్ళేసరికి గేజీ మామ మెడ లోతు నీళ్ళలో నిలబడి గేజీ రాయికి రంగు వేస్తున్నాడు. మా అందరికీ అతను గేజీ మామే. ముప్పై ఏళ్ళుగా పొద్దునా సాయంత్రం ఆ రాతి మీది అంకెలు చూసి రిజిస్టరులో ఎక్కిస్తాడు. ఏటా తనిఖీ ముందు వెలిసిపోయిన అంకెలు గీకేసి, సున్నా నుంచి కొలిచి మళ్ళీ నల్ల రంగుతో వేస్తాడు.

"సున్నా ఎక్కణ్ణుంచి మొదలెడతావు మామా?"

"బురద కాడి నుంచేనమ్మా. సున్నా అంటే చెరువు అడుగే కదా. మా పెద్దాయన అలాగే నేర్పాడు. నాకు ముందు ఆయనే చూసేవాడు."

బురద ప్రతి ఏడూ పెరుగుతుంది. కొట్టుకొచ్చిన మట్టి, కుళ్ళిన జమ్ము, గుర్రపుడెక్క అన్నీ అడుగుకే చేరతాయి. బురద లేచినప్పుడల్లా మామ సున్నా కూడా లేచింది. నీరు పెరిగింది, గేజీ కూడా దాంతోపాటే పైకెక్కింది. ఒకటిన్నర దాటితేనే తలుపులు ఎత్తాలి కాబట్టి ఎప్పుడూ ఎత్తలేదు. ఏటికేడాది చెరువును ఇంకొంచెం నింపి, ఏమీ నింపలేదని రాసుకున్నారు.

ఇనప ఊచ తెప్పించి బురదలో గుచ్చాం. రాతి మీద మొదట చెక్కిన సున్నా గీత అరవై అయిదు సెంటీమీటర్ల కింద తగిలింది. ఇవాళ చెరువు ఒకటీ నలభై కాదు. రెండూ సున్నా అయిదు.

మామ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం, ఎందుకు దాచుకోవాలి, ఒళ్ళంతా వెలుగు వచ్చినట్టు ఉంది. తప్పు ఎవరిదో దొరికింది.

జూన్ 15

వ్యాసం రాశాను. శీర్షిక "బురదలో సున్నా". తొమ్మిది పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. ఎడిటరు ఫోనులో చదివించుకుని, "అక్కయ్యా, నిప్పు!" అన్నాడు. ఆఫీసు నిర్లక్ష్యం, చదువుకున్నవాళ్ళ గుడ్డితనం, కింది ఉద్యోగికి ఎవరూ నేర్పకపోవడం, అన్నీ ఉన్నాయి.

పదకొండేళ్ళ కిందట ఈ స్థలాల కోసం గీసిన నీటి హద్దు మ్యాపు గురించి ఎందుకు రాయలేదని అడిగాడు. స్థలం చాలదన్నాను.

జూన్ 16

చెల్లి ఇంటి గచ్చు మట్టం, పాత సున్నా నుంచి, రెండూ ముప్పై. నీరు రోజుకు రెండు మూడు సెంటీమీటర్లు లేస్తోంది. భాగహారం చెయ్యడం నాకు వచ్చు.

జూన్ 17

వ్యాసం అచ్చుకు వెళ్ళే ముందు గేజీ మామకు చదివి వినిపించడం న్యాయం అనిపించింది. అతని పేరు లేదు, తప్పంతా పైవాళ్ళదే అని రాశానని చెప్పాలనిపించింది. అతను గదిలో, రిజిస్టర్ల మధ్య నేల మీద కూచుని విన్నాడు. తొమ్మిది పేజీలూ. చివర తల ఊపాడు.

"బాగా రాశావమ్మా. నాకు తెలీక చేశాను, ఒప్పుకుంటాను. ఒక మాట అడగనా?"

"అడుగు."

"మ్యాపు కోసం గోతులు తవ్వించావు గుర్తుందా? అయిదు గోతులు. పార పట్టింది నేనే. నాలుగో గోతిలో, ఇప్పుడు మీ చెల్లెలిల్లు ఉన్న కాడ, మూడడుగుల లోపల ఎర్ర ఎర్రటి వేళ్ళ దారులు బయటపడ్డాయి. తుప్పు పట్టిన తీగల్లా. ఇవేంటమ్మా అని నేను అడిగితే..."

"నాకు గుర్తు లేదు."

"'పాతవిలే, వదిలెయ్ మామా, పూడ్చెయ్' అన్నావు. నేను పూడ్చాను." ఒళ్ళో రిజిస్టరు పక్కన పెట్టి, "ఆ వేళ్ళేంటో నాకు ఇప్పటికీ తెలీదు. నీకు తెలుసు కదమ్మా?" అన్నాడు.

వెటకారం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, తిట్టి వచ్చేదాన్ని.

జూన్ 18

వదిలెయ్ అనలేదు నేను.

జూన్ 19

అన్నాను.

అవి జమ్ము వేళ్ళు. జమ్ము తన గొట్టంలోంచి గాలిని వేళ్ళదాకా దింపుతుంది, ఆ గాలి కొంచెం బయటికి కారి చుట్టూ ఉన్న మట్టిలో ఇనుమును తుప్పు పట్టిస్తుంది. వేరు చచ్చినా ఆ ఎర్రటి దారి మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది. అది కనిపిస్తే అర్థం ఒక్కటే. ఇక్కడ ఎప్పుడో నీరు నిలబడింది, రోజులు కాదు, ఏళ్ళు. నాకు ఆ క్షణమే తెలిసింది. పార మొన దాన్ని తాకినప్పుడే తెలిసింది.

అవి కరువు సంవత్సరాలు. మూడేళ్ళ ఎండలకు చెరువు వెనక్కి పోయింది, తుంగ దాని వెంటే కిందికి దిగింది, వదిలిన నేలంతా గరిక పరుచుకుంది. నేను ఆ గరిక అంచునే నీటి హద్దుగా గీశాను. ఎందుకు? నాలుగో గొయ్యి సంగతి రాస్తే బిల్డరు వకీలు ఎగిరి గంతేసేవాడు. చూశారా, అది మునిగే నేల, ఇళ్ళకు పనికిరాదు అని వాదించి స్థలాలు ఆపించేవాడు. ఆ తరవాత తనే మట్టి పోయించి అంతస్తులు కట్టేవాడు. ముప్పై రెండు కుటుంబాలు రోడ్డున పడేవి. ఇది అబద్ధం కాదు, జరిగేదే. న్యాయం మా వైపు ఉంది. అందుకని నిజం కూడా మా వైపే ఉండాలని అనుకున్నాను. లేకపోతే దాన్ని కాస్త జరిపితే తప్పేముందని అనుకున్నాను.

మ్యాపుతో ఇచ్చిన నివేదికలో నా దస్తూరీ: నాలుగో గొయ్యి, విశేషమేమీ లేదు.

ఇంజనీరు ఆ రోజు అన్న రెండో మాట: "ఆ వరస అక్కడ కట్టచ్చని సంతకం పెట్టింది మీరే కదా మేడమ్."

బీరువాలోంచి నివేదిక నకలు తీశాను. వ్యాసం ఆపమని ఎడిటరుకు ఫోన్ చేశాను. "ఏంటక్కయ్యా, బెదిరించారా?" అన్నాడు. అవునంటే ఎంత గౌరవంగా ఉండేదో! కాదన్నాను.

జూన్ 20, పొద్దున్న

చెల్లికి చెప్పాలి. ఇవాళ కాదు, వాన పడుతోంది.

జూన్ 20, మధ్యాహ్నం

చెప్పాను. మిషను మీద గులాబీ రంగు గుడ్డ సగం కుట్టి ఉంది. మరిది గుమ్మంలో మట్టి బస్తాలు పేరుస్తున్నాడు. చెల్లి మొదట అర్థం కానట్టు చూసింది. తరవాత గుడ్డ మడతపెట్టింది. చాలా జాగ్రత్తగా, అంచులు కలిపి.

"మాకు ఇల్లు ఇప్పించావా అక్కా, గొయ్యి ఇప్పించావా?"

నేను ఏదో మొదలుపెట్టాను. బిల్డరు, వకీలు, కరువు.

"ఆపు. ఉపన్యాసం వద్దు. ఎనిమిది రోజుల కిందట ఇదే చోట నిలబడి పోవద్దన్నావు. అప్పుడు నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసు. తెలుసని తెలీనట్టు..."

"నీళ్ళు నమలకు."

"తెలుసు."

మరిది బస్తా కింద పెట్టాడు. ఈసారి నవ్వలేదు. "నిండా మునిగాక చలేంటి గానీ, వదినా, ఎన్ని రోజులుంది?"

"నాలుగు. వాన ఇలాగే ఉంటే మూడు."

"అయితే తిట్టుకోడానికి తరవాత టైముంటుంది," అన్నాడు.

"నాకు ఇప్పుడే ఉంది," అంది చెల్లి. "నువ్వు నాతో చెప్పేసి కడుపు ఖాళీ చేసుకుని పోతే కుదరదు. వరసలో అందర్నీ పిలుస్తాను. వాళ్ళ ముందు చెప్పు. మ్యాపు చూపించి, వేలు పెట్టి చూపించి చెప్పు."

జూన్ 21

వరస మొదట్లో ఉన్న బడి షెడ్డులో చెప్పాను. అరవై డెబ్భై మంది. వాన రేకుల మీద మోగుతోంది, గట్టిగా అరిస్తే గానీ వినపడదు. నా తప్పును అరిచి చెప్పాల్సి వచ్చింది. ఇంతమంది ముందు ఇన్నేళ్ళుగా మాట్లాడాను, చప్పట్లు లేని సభ ఇదే.

ఒక ముసలాయన లేచాడు. రిక్షా తొక్కి కట్టుకున్న ఇల్లు ఆయనది. "అమ్మా, నువ్వు ఆ రోజు నిజం రాసుంటే మాకు ఈ జాగా వచ్చేదా?"

"రాకపోవచ్చు."

"పదకొండేళ్ళు నా ఇంట్లో పడుకున్నాను. దానికి నీకు దండం. కానీ మునిగే నేలని మాకు చెప్పుంటే అరుగు నాలుగడుగులు ఎత్తి కట్టుకునేవాళ్ళం కదా. జాగా ఇప్పించే హక్కు నీకుంది. మా చావుబతుకుల లెక్క మాకు చెప్పకుండా కట్టే హక్కు నీకెవరిచ్చారు?"

ఈ ప్రశ్న నా తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు.

వెనక నుంచి ఎవరో, "ఇప్పుడు ఖాళీ చేస్తే బిల్డరు మేళం పెట్టుకుంటాడు!" అని అరిచారు. "చెయ్యకపోతే చేపలు పెట్టుకుంటాయి," అన్నాడు మరిది. అక్కడ కొంచెం నవ్వారు. గేజీ మామ తడిసిన గొడుగుతో నిలబడి, రిజిస్టరు తెచ్చాననీ, తన తప్పూ అందులోనే రాయమనీ అన్నాడు. చెల్లి బడి బల్ల మీద కాగితం పెట్టి కలం నా చేతికిచ్చింది.

"రాయి. అందంగా వద్దు. సూటిగా."

జూన్ 22

గేజీ, పాత సున్నా నుంచి, రెండూ ఇరవై నాలుగు. ఇంకా ఆరు సెంటీమీటర్లు. పిల్లలూ ముసలివాళ్ళూ పొద్దున్నే బడి మేడ మీదికి వెళ్ళారు. చెల్లి మిషనును మరిదీ నేనూ మోశాం. చెల్లి నాతో మాట్లాడదు, "అటు పట్టుకో", "ఇటు తిప్పు" తప్ప. పెరట్లో టమాటాలు మునిగాయి. మామ వేసిన రంగు అంకెల ప్రకారం చూసినా ఒకటిన్నర దాటింది, అయినా తలుపులు ఇంకా ఎత్తలేదు. ఇంజనీరు పైవాళ్ళ ఉత్తర్వు కోసం చూస్తున్నాడు. నిన్న బడిలో రాసిన మా కోరికల కాగితం మధ్యాహ్నం ఒంటిగంటకు నీటి ఆఫీసులో ఇస్తాం, తీసుకునేదాకా అక్కడే కూచుంటాం. నకలు ఇక్కడ రాసి పెడుతున్నాను.

1. తూము తలుపులు ఇవాళే ఎత్తాలి. కింద పొలాలకు ముందు దండోరా వేయించి, పంట పోయినవాళ్ళకు నష్టం ఆఫీసే కట్టాలి.

2. గేజీ రాతి మీద మొదట చెక్కిన సున్నాయే సున్నా. ఇప్పుడున్న అంకెలు చెరిపెయ్యాలి.

3. ఈ తప్పుకు గేజీ చూసే మనిషిని ఉద్యోగంలోంచి తియ్యకూడదు.

4. నీరు తగ్గేదాకా ముప్పై రెండు కుటుంబాలకూ బడి మేడ మీద చోటు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు.

5. నీటి వల్ల ఇల్లు వదిలిన రోజులను ఖాళీ ఉంచిన రోజుల కింద లెక్కెయ్యకూడదు. పట్టాలు చెల్లుతాయని రాసివ్వాలి.

6. ఇదే ఊళ్ళో, ఎత్తు నేల మీద, అంతే కొలత స్థలాలు. అక్కడికి వెళ్ళాలా, ఇక్కడే అరుగులెత్తి కట్టుకోవాలా అన్నది ఆ కుటుంబాలే చెబుతాయి.

7. చివరి వరసలో ఖాళీ అయిన స్థలాలు బిల్డరుకు కాదు, ఎవరికీ కాదు. చెరువుకు వదిలెయ్యాలి.

8. పదకొండేళ్ళ కిందటి నీటి హద్దు మ్యాపు రద్దు చెయ్యాలి. నాలుగో గొయ్యి గురించి అందులో రాసింది అబద్ధమని ఆ కాగితం మీదే రాయాలి. రాసిన మనిషి మీద విచారణ జరపాలి. రాసింది నేను.